భారతదేశంలో ప్రభుత్వ నిఘా, గోప్యత హక్కు

పౌరుల మాటలు, ఉత్తరప్రత్యుత్తరాలు, రాకపోకలు, స్నేహసంబంధాలు, డబ్బు లావాదేవీలను ప్రభుత్వం గమనించి, నమోదు చేసి, భద్రపరచుకోవడాన్ని ప్రభుత్వ నిఘా అంటారు. నేరాలను ఆపడానికి, ఉగ్రవాద దాడులను ముందే పసిగట్టడానికి, దేశ సరిహద్దులను కాపాడడానికి ఏ ప్రభుత్వానికైనా కొంత నిఘా తప్పదు. అదే అధికారం ప్రతిపక్ష నాయకుల మీదికి, పాత్రికేయుల మీదికి, న్యాయవాదుల మీదికి, ఏ నేరంతోనూ సంబంధం లేని మామూలు మనుషుల మీదికి మళ్లితే వాక్ స్వాతంత్ర్యం, సంఘం పెట్టుకునే స్వేచ్ఛ, ఎన్నికల నిష్పాక్షికత దెబ్బతింటాయి. తమ మాటలు ఎవరో వింటున్నారన్న అనుమానం ఉన్నచోట మనుషులు మనసు విప్పి మాట్లాడలేరు.

మిగతా ప్రభుత్వ అధికారాలకు లేని ఒక లక్షణం నిఘాకు ఉంది. అరెస్టయిన మనిషికి ఆ సంగతి తెలుస్తుంది; అతని కుటుంబం వకీలును పెట్టుకుని బెయిలు అడగవచ్చు. భూమి పోయినవాడు నష్టపరిహారం కోసం కోర్టుకు వెళ్లవచ్చు. ఫోన్ ట్యాపింగ్‌కు గురైన మనిషికి మాత్రం అది జరిగినట్టే తెలియదు. తెలియని అన్యాయం మీద ఎవరూ ఫిర్యాదు చేయలేరు. అందుకే నిఘా విషయంలో పౌరుడికి అసలైన రక్షణ ముందే ఏర్పాటై ఉండాలి. నిఘాకు అనుమతి ఎవరిస్తారు, ఎంతకాలం ఇస్తారు, జరిగినదాన్ని ఎవరు తనిఖీ చేస్తారు, బాధితుడికి ఎప్పుడు తెలియజేస్తారు అన్న ప్రశ్నలకు చట్టం చెప్పే జవాబులను బట్టే ఆ దేశంలో గోప్యతకు ఎంత విలువ ఉందో తేలుతుంది. భారతదేశంలో హక్కును గుర్తించడంలో న్యాయస్థానాలు చాలా దూరం వచ్చాయి. నిఘా పెట్టే యంత్రాంగాన్ని బయటి నుంచి తనిఖీ చేసే వ్యవస్థ మాత్రం ఇంకా ఏర్పడలేదు.

వలస పాలన నాటి పునాదులు

నిఘాకు సంబంధించిన భారతీయ చట్టాల మూలాలు బ్రిటిష్ పాలనలో ఉన్నాయి. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం ఐదో సెక్షన్ ప్రజా అత్యవసర పరిస్థితిలోగాని, ప్రజా భద్రత కోసంగాని సందేశాలను అడ్డగించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1898 నాటి పోస్టాఫీసు చట్టం ఉత్తరాలను, పార్సిళ్లను ఆపి తెరిచే వీలు కల్పించింది. ఇంటెలిజెన్స్ బ్యూరో పుట్టుక కూడా 19వ శతాబ్దం చివరి కాలానిదే. దాని అధికారాలను, పరిమితులను నిర్దేశించే ప్రత్యేక చట్టాన్ని పార్లమెంటు ఇంతవరకు చేయలేదు.

రాజ్యాంగ రచన సమయంలో ఉత్తరప్రత్యుత్తరాల గోప్యతను, అకారణ సోదాల నుంచి రక్షణను ప్రాథమిక హక్కుల్లో చేర్చాలన్న ప్రతిపాదనలు వచ్చాయి. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు, నెల్లూరు జిల్లాలో పుట్టిన న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ వాటిని వ్యతిరేకించారు. అలాంటి హక్కు నేర దర్యాప్తుకు అడ్డంకి అవుతుందన్నది అప్పట్లో వినిపించిన ప్రధాన వాదన. చివరికి గోప్యత అన్న మాట లేకుండానే రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. ఆ లోటును పూడ్చే పని ఆ తర్వాతి ఏడు దశాబ్దాల్లో న్యాయస్థానాల మీద పడింది.

స్వతంత్ర భారతంలోనూ పాత చట్టాలే కొనసాగాయి. 1972లో టెలిగ్రాఫ్ చట్టాన్ని సవరించి, సందేశాలను అడ్డగించడానికి ఐదు కారణాలను పేర్కొన్నారు: దేశ సార్వభౌమత్వ సమగ్రతలు, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి ప్రేరేపించడాన్ని నివారించడం. ప్రజా అత్యవసర పరిస్థితి లేదా ప్రజా భద్రత అన్న షరతు కూడా అలాగే నిలిచింది. 1986లో పోస్టాఫీసు చట్ట సవరణ బిల్లు ఉత్తరాలను తెరిచే అధికారాన్ని విస్తరించబోయింది. ఉభయ సభలు ఆమోదించినా రాష్ట్రపతి జ్ఞానీ జైల్‌సింగ్ దానిపై సంతకం చేయకుండా ఉంచేయడంతో ఆ బిల్లు చట్టం కాలేదు.

పోలీసు నిఘా నుంచి గోప్యత హక్కు దాకా

నిఘాకు, రాజ్యాంగానికి మధ్య తొలి పెద్ద ఘర్షణ ఫోన్ల గురించి కాదు, ఇంటి తలుపుల గురించి వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే వ్యక్తి మీద 1941లో దోపిడీ కేసు నమోదైంది. సాక్ష్యం లేక వదిలేసినా పోలీసులు అతని పేరును హిస్టరీ షీటులో పెట్టారు. రాష్ట్ర పోలీసు నిబంధనల ప్రకారం రాత్రిళ్లు ఇంటికి వచ్చి తలుపు తట్టడం, ఇంటిమీద కన్నేసి ఉంచడం, రాకపోకలు రాసుకోవడం చేసేవారు. దీనిమీద 1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టు ఆరుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. రాత్రిపూట ఇంటికి రావడం చెల్లదని కొట్టివేస్తూనే, గోప్యత మన రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ న్యాయమూర్తులు మిగతా నిఘాను అనుమతించారు.

ఆ తీర్పుతో న్యాయమూర్తి కోకా సుబ్బారావు విభేదించారు, న్యాయమూర్తి జె.సి. షా ఆయనతో ఏకీభవించారు. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన సుబ్బారావు, వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని వాదించారు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినంత మాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. పోలీసు కళ్లు వెంటాడుతున్న మనిషి ఎక్కడ తిరిగినా అది స్వేచ్ఛా సంచారం కాజాలదు అన్నది ఆయన తర్కం. ఖరక్ సింగ్ మీద అమలైన నిబంధన మొత్తం చెల్లదని ఆయన తేల్చారు. ఆనాటి ఆ అల్పసంఖ్యాక అభిప్రాయమే యాభై అయిదేళ్ల తర్వాత దేశ న్యాయంగా మారింది.

మధ్యకాలంలో హక్కు మెల్లమెల్లగా రూపు దిద్దుకుంది. 1975లో గోవింద్ కేసులో న్యాయమూర్తి కె.కె. మాథ్యూ, గోప్యత హక్కు ఉన్నదనుకుంటే దాన్ని కుదించడానికి ప్రభుత్వం బలమైన ప్రజాప్రయోజనాన్ని చూపాలన్నారు. 1980లో మలక్ సింగ్ కేసులో తెలుగువాడైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి పోలీసు నిఘా రిజిస్టర్ల హద్దులను వివరించారు. నేర నివారణకు నిఘా అవసరమైనా, అది మనిషి గౌరవాన్ని, స్వేచ్ఛను నలిపేసేంతగా సాగకూడదని, తగిన కారణం లేకుండా ఎవరి పేరునూ రిజిస్టరులో పెట్టకూడదని ఆ తీర్పు చెప్పింది. తెలుగు రాష్ట్రాల్లో రౌడీషీటుగా పేరుపడిన నమోదు ఈ కోవలోనిదే. దానికి ఆధారం చట్టసభ చేసిన చట్టం కాదు, పోలీసు శాఖ స్టాండింగ్ ఆర్డర్లు. అందువల్లనే రౌడీషీట్ల చెల్లుబాటు హైకోర్టుల్లో పదేపదే ప్రశ్నకు వచ్చింది.

1994లో ఆర్. రాజగోపాల్ కేసులో మరో తెలుగు న్యాయమూర్తి బి.పి. జీవన్‌రెడ్డి, తన మానాన తనను వదిలేయమని కోరే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోనే ఇమిడి ఉందని ప్రకటించారు. 2004లో కెనరా బ్యాంకు కేసు ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టుకు చేరింది. స్టాంపుల చట్టానికి రాష్ట్రం 1986లో తెచ్చిన సవరణ ప్రకారం కలెక్టరు అధికారమిచ్చిన ఏ వ్యక్తి అయినా బ్యాంకుల్లోకి వచ్చి పత్రాలను తనిఖీ చేసి స్వాధీనం చేసుకునే వీలుండేది. రాష్ట్ర హైకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేయగా సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ఖాతాదారు పత్రాలు బ్యాంకు చేతికి వెళ్లినంత మాత్రాన వాటి మీద అతని గోప్యత పోదన్న సూత్రం అప్పుడు స్థిరపడింది. ప్రతి మనిషి సమాచారమూ టెలికాం కంపెనీల దగ్గర, యాప్‌ల దగ్గర పేరుకుంటున్న కాలంలో ఆ సూత్రానికి మరింత విలువ పెరిగింది.

ఫోన్ ట్యాపింగ్, 1996 తీర్పు

ఫోన్ ట్యాపింగ్ భారత రాజకీయాలను పలుమార్లు కుదిపింది. ఆ ఆరోపణల మీదే 1988 ఆగస్టులో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. రాజీవ్‌గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా పోలీసులు కనిపించడంతో నిఘా పెట్టారన్న వివాదం ముదిరి 1991 మార్చిలో చంద్రశేఖర్ ప్రభుత్వం కూలింది. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగ్‌పై సీబీఐ నివేదిక అదే సంవత్సరం మెయిన్‌స్ట్రీమ్ పత్రికలో వెలువడింది. దాని ఆధారంగా పౌరహక్కుల ప్రజాసంఘం, అంటే పీయూసీఎల్, సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది. 1976లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో పుట్టిన ఈ సంస్థకు హైదరాబాద్ న్యాయవాది కె.జి. కన్నబిరాన్ కూడా జాతీయ అధ్యక్షుడిగా పనిచేశారు.

1996 డిసెంబరు 18న న్యాయమూర్తి కుల్‌దీప్ సింగ్ రాసిన తీర్పు ఫోన్ సంభాషణను గోప్యతలో భాగంగా గుర్తించింది. ప్రజా అత్యవసర పరిస్థితి గాని, ప్రజా భద్రతకు ముప్పు గాని లేనప్పుడు మిగతా ఐదు కారణాలు ఉన్నా ట్యాపింగ్ చెల్లదని, ఆ పరిస్థితి ఏ మామూలు మనిషికైనా కంటికి కనిపించేదిగా ఉండాలని చెప్పింది. కేంద్రంలో లేదా రాష్ట్రంలో హోంశాఖ కార్యదర్శి మాత్రమే ట్యాపింగ్ ఉత్తర్వు ఇవ్వాలని, అది రెండు నెలలే అమల్లో ఉండాలని, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటకూడదని నియమం పెట్టింది. ప్రతి ఉత్తర్వు ప్రతినీ వారంలోగా సమీక్షా కమిటీకి పంపాలని, అవసరం తీరిన రికార్డులను నాశనం చేయాలని కూడా ఆదేశించింది. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, టెలికాం కార్యదర్శి; రాష్ట్రాల్లో ప్రధాన కార్యదర్శి, న్యాయ కార్యదర్శి, మరో కార్యదర్శి ఈ కమిటీల్లో ఉంటారు.

ఉత్తర్వుకు ముందే న్యాయమూర్తి అనుమతి ఉండాలని పిటిషనర్లు కోరారు. చట్టంలో అలాంటి ఏర్పాటు లేదని చెప్పి కోర్టు ఒప్పుకోలేదు. ఈ ఒక్క నిర్ణయంతో నిఘా వ్యవస్థ అంతా ప్రభుత్వ యంత్రాంగం లోపలే మిగిలిపోయింది. అడిగేది పోలీసు అధికారి, అనుమతించేది కార్యదర్శి, సమీక్షించేది మరో ముగ్గురు కార్యదర్శులు. ఈ మార్గదర్శకాలను ప్రభుత్వం తర్వాత టెలిగ్రాఫ్ నిబంధనల్లో 419ఎగా చేర్చింది.

పుట్టస్వామి తీర్పు, ఆధార్

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్ పథకాన్ని సవాలు చేశారు. విచారణలో కేంద్రం గోప్యత ప్రాథమిక హక్కే కాదని వాదించింది. ఎనిమిది మంది న్యాయమూర్తుల 1954 నాటి ఎం.పి. శర్మ తీర్పు, ఆరుగురి ఖరక్ సింగ్ తీర్పు ఆ వాదనకు ఆధారం. న్యాయమూర్తి జాస్తి చలమేశ్వర్ నాయకత్వంలోని ముగ్గురు సభ్యుల ధర్మాసనం 2015 ఆగస్టులో ఈ ప్రశ్నను విస్తృత ధర్మాసనానికి నివేదించింది. చివరికి తొమ్మిది మంది న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించారు. ఆ రెండు పాత తీర్పుల్లో గోప్యతను కాదన్న భాగాలు రద్దయ్యాయి. తీర్పు ఆరు అభిప్రాయాలుగా వెలువడింది; వాటిలో ఒకటి కృష్ణా జిల్లాకు చెందిన చలమేశ్వర్‌దే. సుబ్బారావు అసమ్మతి తీర్పే సరైనదని ఈ ధర్మాసనం గుర్తించింది.

గోప్యతను కుదించే ఏ ప్రభుత్వ చర్యకైనా ఈ తీర్పు పరీక్షలు పెట్టింది. దానికి చట్టం ఆధారంగా ఉండాలి. లక్ష్యం న్యాయసమ్మతమై ఉండాలి. చర్య ఆ లక్ష్యానికి తగినంతే ఉండాలి తప్ప మించకూడదు. అధికార దుర్వినియోగాన్ని అడ్డుకునే ఏర్పాట్లు ఉండాలి. ఇకపై వచ్చే ప్రతి నిఘా చట్టాన్నీ తూచేందుకు న్యాయస్థానాల చేతికి వచ్చిన కొలమానం ఇదే.

ఆ కొలమానంతో 2018 సెప్టెంబరు 26న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆధార్ చట్టాన్ని పరిశీలించింది. నలుగురు చట్టాన్ని సమర్థిస్తూనే కొన్ని కోతలు పెట్టారు. ప్రైవేటు కంపెనీలు ఆధార్ అడిగే వీలు పోయింది. ధ్రువీకరణ రికార్డులను ఆరు నెలలకు మించి ఉంచకూడదన్నారు. జాతీయ భద్రత పేరుతో సంయుక్త కార్యదర్శి స్థాయి అధికారి సమాచారం వెల్లడించే నిబంధనను కొట్టివేసి, అలాంటి నిర్ణయంలో న్యాయాధికారి పాత్ర ఉండాలని సూచించారు. ఈ చట్టాన్ని ద్రవ్య బిల్లుగా తేవడమే రాజ్యాంగ విరుద్ధమని, ప్రజల వివరాలన్నీ ఒక సంఖ్యకు ముడిపడితే నిఘాకు దారి ఏర్పడుతుందని న్యాయమూర్తి డి.వై. చంద్రచూడ్ అసమ్మతి తీర్పు రాశారు.

ప్రస్తుత చట్టాల స్వరూపం

2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 69వ సెక్షన్, 2009 అక్టోబరు నుంచి అమలైన సవరణతో, కంప్యూటర్లు, ఫోన్లలోని సమాచారాన్ని అడ్డగించి, పరిశీలించి, సంకేతబద్ధంగా ఉంటే విప్పించే అధికారాన్ని ఇస్తుంది. టెలిగ్రాఫ్ చట్టంలోని ప్రజా అత్యవసర షరతు ఇందులో లేదు. ఏ నేర దర్యాప్తు కోసమైనా వాడుకోవచ్చు. సహకరించని వారికి ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. 2018 డిసెంబరు 20న కేంద్ర హోంశాఖ ఇంటెలిజెన్స్ బ్యూరో, సీబీఐ, ఎన్ఐఏ, ఈడీ, రా, ఢిల్లీ పోలీసు కమిషనర్‌తో సహా పది సంస్థలకు ఈ అధికారం కట్టబెట్టింది.

టెలిగ్రాఫ్ చట్టం స్థానంలో వచ్చిన 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 20వ సెక్షన్ పాత అధికారాన్ని దాదాపు యథాతథంగా కొనసాగించింది. దాని కింద 2024 డిసెంబరులో వచ్చిన నిబంధనలూ హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు, కార్యదర్శుల సమీక్షా కమిటీ పద్ధతినే నిలబెట్టాయి. అత్యవసర సందర్భాల్లో అధీకృత సంస్థ ఉన్నతాధికారి సొంతంగా ట్యాపింగ్ మొదలుపెట్టవచ్చు. ఏడు పనిదినాల్లో దానికి ఆమోదం రాకపోతే ఆపేయాలి. అప్పటిదాకా సేకరించినదాన్ని వాడుకోకూడదు. అనుమతి లేకుండా సందేశాలను అడ్డగిస్తే మూడేళ్ల జైలు లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2023లోనే వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం తొమ్మిదో సెక్షన్ పోస్టల్ వస్తువులను అడ్డగించి తెరిచే అధికారాన్ని ఇచ్చింది.

ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోన్ చేశారో తెలిపే కాల్ రికార్డులను పొందడం ట్యాపింగ్ కన్నా సులువు. నేర విచారణ చట్టం కింద పోలీసులు టెలికాం కంపెనీలను అడిగి తీసుకుంటారు. మాట వినకపోయినా ఆ జాబితాను బట్టి మనిషి ఎక్కడ తిరుగుతున్నాడో, ఏ డాక్టరును, ఏ వకీలును, ఏ విలేకరిని కలుస్తున్నాడో పోల్చుకోవచ్చు. 2022 నేర విచారణ గుర్తింపు చట్టం అరెస్టయినవారి వేలిముద్రలు, కంటిపాప ముద్రలు, జీవ నమూనాలు సేకరించి 75 ఏళ్లు దాచిపెట్టే వీలు కల్పించింది. 2008 ముంబయి దాడుల తర్వాత రూపొందిన నాట్‌గ్రిడ్ వేర్వేరు శాఖల డేటాబేస్‌లను కలుపుతుంది. కేంద్రీకృత మానిటరింగ్ వ్యవస్థ, అంటే సీఎంఎస్, టెలికాం కంపెనీ సిబ్బంది మధ్యలో లేకుండానే ప్రభుత్వ సంస్థలు నేరుగా ట్యాపింగ్ చేయడానికి ఉద్దేశించింది. అనుమతి లేని ట్యాపింగ్‌ను కంపెనీ ఉద్యోగి గుర్తించే అవకాశం కూడా దీనితో తగ్గింది.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కంపెనీల మీద బాధ్యతలు పెట్టింది. ప్రభుత్వ నిఘాను మాత్రం అది అదుపు చేయదు. దేశ భద్రత, శాంతిభద్రతల కోసం కేంద్రం తాను నోటిఫై చేసిన సంస్థలను ఈ చట్టం నుంచి పూర్తిగా మినహాయించవచ్చని 17వ సెక్షన్ చెబుతోంది. ఫిర్యాదులు వినే డేటా పరిరక్షణ బోర్డు సభ్యులను నియమించేది కూడా కేంద్రమే.

పెగసస్ ఉదంతం

ఇజ్రాయెల్ కంపెనీ ఎన్ఎస్ఓ తయారుచేసిన నిఘా సాఫ్ట్‌వేర్ పెగసస్ ఒకసారి ఫోన్‌లోకి చొరబడితే సందేశాలు, ఫొటోలు, మైకు, కెమెరా అన్నీ దూరం నుంచి నడిపేవారి చేతికి వెళతాయి. ఎన్ఎస్ఓ తన ఉత్పత్తిని ప్రభుత్వాలకే అమ్ముతానని చెబుతుంది. 2021 జులైలో వివిధ దేశాల పత్రికలు కలిసి వెలువరించిన పరిశోధనలో భారతీయ పాత్రికేయులు, ప్రతిపక్ష నాయకులు, హక్కుల కార్యకర్తల నంబర్లు ఉన్నాయి. కేంద్రం తాను పెగసస్ వాడిందీ లేనిదీ కోర్టుకు స్పష్టంగా చెప్పలేదు.

2021 అక్టోబరు 27న అప్పటి ప్రధాన న్యాయమూర్తి, కృష్ణా జిల్లాకు చెందిన ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, జాతీయ భద్రత అన్న మాట వినగానే కోర్టులు వెనక్కి తగ్గబోవని చెప్పి సాంకేతిక నిపుణుల కమిటీని వేసింది. కమిటీ పనిని విశ్రాంత న్యాయమూర్తి ఆర్.వి. రవీంద్రన్ పర్యవేక్షించారు. 2022 ఆగస్టులో వచ్చిన నివేదిక ప్రకారం పరిశీలించిన 29 ఫోన్లలో ఐదింటిలో హానికర సాఫ్ట్‌వేర్ కనిపించింది. అది పెగససేనని కచ్చితంగా తేలలేదు. కేంద్రం విచారణకు సహకరించలేదని కమిటీ చెప్పినట్టు కోర్టు వెల్లడించింది. ఇలాంటి సాఫ్ట్‌వేర్ మాటలు వినడంతో ఆగదు. ఫోన్‌లో కొత్త ఫైళ్లు చేర్చగలదు. సాక్ష్యాన్ని పుట్టించగల సాధనాన్ని సంభాషణల ట్యాపింగ్ కోసం రాసిన పాత చట్టాల కింద సమర్థించడం కష్టం.

తెలుగు రాష్ట్రాల్లో

తెలంగాణలో ప్రభుత్వం మారిన 2023 డిసెంబరులో పోలీసు నిఘా విభాగానికి చెందిన హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్న ఆరోపణపై 2024 మార్చిలో హైదరాబాద్ పంజాగుట్ట పోలీసు స్టేషనులో కేసు నమోదైంది. రాజకీయ నాయకులు, వ్యాపారులు, పాత్రికేయులు మొదలైనవారి ఫోన్లను అక్రమంగా ట్యాప్ చేశారన్నది దర్యాప్తులో ప్రధాన అభియోగం. పలువురు పోలీసు అధికారులు అరెస్టయ్యారు. ఒక న్యాయమూర్తి ఫోన్ కూడా ట్యాప్ అయిందన్న పత్రికా వార్తపై తెలంగాణ హైకోర్టు తనంతట తాను విచారణ చేపట్టింది. ఎవరు దోషులో తేల్చవలసింది న్యాయస్థానాలు. ఒక సంగతి మాత్రం ఈ కేసుతోనే బయటపడింది. ఆరోపిస్తున్న కాలమంతా సమీక్షా కమిటీ కాగితం మీద ఉంది. వ్యవహారం వెలుగులోకి వచ్చింది ఆ కమిటీ తనిఖీ వల్ల కాదు, ఎన్నికల్లో ప్రభుత్వం మారడం వల్ల.

హైదరాబాద్ సీసీటీవీ కెమెరాలు దట్టంగా ఉన్న నగరాల్లో ఒకటి. బంజారాహిల్స్‌లోని పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో ప్రారంభమైంది. ముఖాలను గుర్తించే సాంకేతికతను పోలీసులు వాడడానికి ప్రత్యేక చట్టమేదీ లేదు. 2021 లాక్‌డౌన్‌లో ఒక పౌరుణ్ణి రోడ్డుమీద ఆపి, మాస్కు తీయించి ఫొటో తీసుకున్న ఉదంతం ఆధారంగా ఆ సాంకేతికత వినియోగాన్ని సవాలు చేసిన వ్యాజ్యంపై తెలంగాణ హైకోర్టు 2022 జనవరిలో ప్రభుత్వానికి నోటీసులు ఇచ్చింది. 2021 అక్టోబరులో నగర వీధుల్లో పోలీసులు దారినపోయేవారి ఫోన్లు తీసుకుని వాట్సాప్‌లో గంజాయి ప్రస్తావన కోసం వెతికిన వీడియోలు తీవ్ర చర్చకు దారితీశాయి. ఇంటిని సోదా చేయడానికి వారంటు అవసరమైన దేశంలో, ఇంట్లో ఉన్నదానికన్నా ఎక్కువ వివరాలు దాచుకున్న ఫోన్‌ను నడిరోడ్డు మీద తెరిపించడం ఆ చర్చకు కేంద్రబిందువైంది.

రక్షణ వ్యవస్థలోని లోపాలు

మొదటి లోపం బయటి తనిఖీ లేకపోవడం. డేటా పరిరక్షణపై జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన నివేదిక ప్రకారం సమీక్షా కమిటీ రెండు నెలలకోసారి సమావేశమై ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఉత్తర్వులను చూడవలసి వస్తోంది. ఒక రోజు మొత్తం ఎడతెగకుండా పనిచేసినా ఒక్కో ఉత్తర్వుకు కొద్ది సెకన్లకు మించి దొరకవు. ఆ కొద్దిసేపట్లో కారణాలు చదివి తూచడం ఎవరి వల్లా కాదు.

రెండోది, బాధితుడికి ఎప్పటికీ తెలియకపోవడం. నిఘా ముగిసి, దర్యాప్తుకు హాని లేని దశ వచ్చినా సమాచారం ఇవ్వాలన్న నియమం భారతీయ చట్టంలో లేదు. ఇంటెలిజెన్స్ బ్యూరో, రా వంటి సంస్థలు సమాచార హక్కు చట్టం పరిధికి కూడా చాలావరకు బయట ఉన్నాయి.

మూడోది సాక్ష్యానికి సంబంధించింది. అక్రమంగా సేకరించిన సాక్ష్యమైనా కేసుకు సంబంధించిందైతే పరిగణించవచ్చని 1972లో ఆర్.ఎం. మల్కానీ కేసులోను, 1973లో పూరన్ మల్ కేసులోను సుప్రీంకోర్టు చెప్పింది. నియమం మీరినా ఫలితం చేతికి దక్కుతుందంటే నియమానికి బలం ఉండదు. పుట్టస్వామి తీర్పు తర్వాత ఈ విషయంలో కొన్ని హైకోర్టులు గట్టిగా నిలబడ్డాయి. 2019లో బొంబాయి హైకోర్టు ఒక లంచం కేసులో ట్యాపింగ్ ఉత్తర్వులను రద్దుచేసి రికార్డింగులను నాశనం చేయమంది. 2025 జులైలో మద్రాసు హైకోర్టు, మామూలు నేర దర్యాప్తు ప్రజా అత్యవసర పరిస్థితి కిందికి రాదని ఒక ట్యాపింగ్ ఉత్తర్వును కొట్టివేసింది. నిఘాకే సంబంధించిన మరో కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు, బెయిలు పొందిన నిందితుడు తన ఉనికిని మ్యాపులో పోలీసులకు నిరంతరం చూపాలన్న షరతు గోప్యతకు భంగమని తీర్పు చెప్పింది.

ఇతర దేశాల అనుభవం

నిఘాను న్యాయవ్యవస్థ అదుపులోకి తెస్తే దేశ భద్రత కుప్పకూలుతుందన్న భయం నిజం కాదని ఇతర ప్రజాస్వామ్యాల అనుభవం చెబుతోంది. అమెరికాలో 1967లో సుప్రీంకోర్టు ఫోన్ సంభాషణలకు కూడా సోదా నియమాలు వర్తిస్తాయంది. నిఘా సంస్థల దుర్వినియోగంపై 1975–76లో సెనేటర్ ఫ్రాంక్ చర్చ్ కమిటీ జరిపిన విచారణ ఫలితంగా 1978లో విదేశీ నిఘాకు ప్రత్యేక కోర్టు ఏర్పడింది. రహస్యంగా పనిచేసే ఆ కోర్టు అందరి ఫోన్ రికార్డుల మూకుమ్మడి సేకరణను అనుమతించిందని 2013లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టడంతో దాని బలహీనత కూడా తెలిసింది. 2015లో చట్టం మార్చవలసి వచ్చింది. బ్రిటన్‌లో 2016 చట్టం కింద మంత్రి ఇచ్చిన వారంటును న్యాయాధికార కమిషనర్ కూడా ఆమోదిస్తేనే అమలవుతుంది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1983 జనగణన కేసులో తన సమాచారంపై తనకే అధికారమన్న హక్కును గుర్తించింది. 2021లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం మూకుమ్మడి నిఘాకు మొదటి నుంచి చివరిదాకా స్వతంత్ర తనిఖీ ఉండాలని తీర్పు ఇచ్చింది. గోప్యతలో అక్రమ జోక్యాన్ని నిషేధించే అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలో భారత్ 1979లోనే చేరింది.

సంస్కరణ ప్రతిపాదనలు

శ్రీకృష్ణ కమిటీ నిఘా సంస్థలకు ప్రత్యేక చట్టం, పార్లమెంటు పర్యవేక్షణ, న్యాయపరమైన అనుమతి ఉండాలని సూచించింది. అంతకు ముందే 2011లో లోక్‌సభ సభ్యుడు మనీశ్ తివారీ నిఘా సంస్థలకు చట్టబద్ధత, పర్యవేక్షణ కల్పించే ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు; అది చట్టం కాలేదు. న్యాయనిపుణులు, పౌరహక్కుల సంస్థలు ఏళ్లుగా చెబుతున్న మార్పుల్లో ముఖ్యమైనవి ఇవి: ట్యాపింగ్‌కు ముందే న్యాయమూర్తి అనుమతి, అత్యవసరంలో మొదలుపెట్టినదానికి కొద్దిరోజుల్లో న్యాయమూర్తి ఆమోదం, నిఘా ముగిశాక బాధితుడికి సమాచారం, ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో ఏటా పార్లమెంటుకు, శాసనసభలకు లెక్క, అక్రమ సాక్ష్యాన్ని కోర్టులు తిరస్కరించడం, ముఖాల గుర్తింపునకు, ఫోన్లలోకి చొరబడే సాఫ్ట్‌వేర్‌కు విడిగా కఠిన నియమాలు. దర్యాప్తు సంస్థలు పాత్రికేయుల పరికరాలను స్వాధీనం చేసుకునే తీరుపై మార్గదర్శకాలు రూపొందించాలని 2023 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రానికి చెప్పింది.

వీటిలో ఏ ఒక్కటీ ప్రభుత్వం చేతులు కట్టేసేది కాదు. ఉగ్రవాదిని అనుమానించడానికి నిజమైన కారణమున్న అధికారి ఆ కారణాన్ని న్యాయమూర్తికి చూపగలడు. చూపలేనిది కారణం లేని నిఘా మాత్రమే. నిఘా అధికారం అధికారంలో ఉన్న పార్టీతో పాటు చేతులు మారుతుంది. ఈరోజు ఆ అధికారాన్ని వాడుతున్నవారే రేపు దానికి లక్ష్యమవుతారు. అందుకే స్వతంత్ర తనిఖీ ఏదో ఒక పక్షానికి అక్కరకొచ్చే కోరిక కాదు, అన్ని పక్షాలకూ, ఏ పక్షానికీ చెందని సామాన్యుడికీ సమానంగా అవసరమైన రక్షణ. 2017లో న్యాయస్థానం గుర్తించిన హక్కుకు పార్లమెంటు ఆ రక్షణను చట్టంగా సమకూర్చవలసి ఉంది.